నలభై మూడో రోజు

తిరుపతిలో యూనివర్సిటీ గేటుకు ఎదురుగా గంగాధరం జిరాక్సు అంగట్లో ఒక నోట్సు ఉండేది. పురికొసతో కట్టి, గోడ మేకుకు వేలాడదీసి ఉండేది. తెలుగులో రాసిన స్టాటిస్టిక్సు పాఠాలు. అట్ట మీద రాసినవాళ్ళ పేరు లేదు. పిల్లలు మాత్రం దాన్ని 'పాకాల నోట్సు' అనేవాళ్ళు. ఎందుకంటే మొదటి పాఠం పాకాల జంక్షన్‌లో మొదలవుతుంది. సాయంత్రం బండి అరవై రోజుల్లో ఏ రోజు ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చిందో అక్కడ పట్టిక వేసి ఉంటుంది. దాని సగటు ఎంతో కట్టమంటుంది పాఠం.

పల్లెల్లో తెలుగులో చదువుకొని వచ్చి, యూనివర్సిటీలో ఇంగ్లీషు పుస్తకం తెరవగానే కళ్ళు తేలేసిన పిల్లలకు ఆ నోట్సే దిక్కు. ఎవరైనా తీసుకోవచ్చు. కాకపోతే ఒక కట్టుబాటు ఉండేది. జిరాక్సు తీసుకున్నవాళ్ళు తమ ఊరి లెక్క ఒకటి కాగితం మీద రాసి, నోట్సు వెనక గుచ్చి పోవాలి. మదనపల్లె పిల్ల టమాటా గంపల లెక్క పెట్టింది. పులికాట్ పిల్లవాడు రొయ్యల లెక్క పెట్టాడు. ఎవరైనా ఊరికే జారుకోబోతే గంగాధరం ఊరుకునేవాడు కాదు.

"తినేసి ఆకు ఎత్తకుండా పోతావేందబ్బా? లెక్క పెట్టి పో!"

అట్లా అరవై పేజీల నోట్సు పదమూడేళ్ళలో నూట పది పేజీలయింది.

దాన్ని రాసింది, తర్వాత అదే యూనివర్సిటీలో పంతులమ్మ అయిన పంకజాక్షి. నిజం చెప్పాలంటే సగం రాసింది. ఆ రెండో సగం సంగతి ఆమె పదమూడేళ్ళు ఎవరికీ చెప్పలేదు.

రెండువేల ఆరులో యూనివర్సిటీ వాళ్ళకు ఒక మంచి బుద్ధి పుట్టింది. పంతుళ్ళు రాసుకున్న పాఠాలన్నీ ఇంటర్నెట్‌లో పెట్టాలి, ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, పంచుకోవచ్చు, తమకు కావలసినట్టు దిద్దుకోవచ్చు, రాసినవాళ్ళ పేర్లు చెబితే చాలు అన్నారు. ఆ పని లెక్కల డిపార్టుమెంటు రూపశ్రీకి అప్పగించారు. రూపశ్రీ ఇద్దరు పిల్లల తల్లి, నోటి దురుసు మనిషి, పనిలో మాత్రం రాక్షసి. అనుమతి పత్రం తీసుకొని నేరుగా పంకజాక్షి గదికి వచ్చి కూర్చుంది.

"మొదట మీ పాకాల నోట్సే పెడదాం మేడం. అచ్చు పుస్తకం మీద మీ పేరొకటే గదా ఉండేది. ఈడొక సంతకం పడేస్తే అయిపాయె."

పంకజాక్షి కలం తీసింది. పత్రంలో 'రాసిన వారందరి సంతకాలు' అని ఉంది. ఆ 'అందరి' అన్న మాట దగ్గర కలం ఆగిపోయింది.

"ఇంకొకరుండారు," అంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగకుండానే బయటపడింది.

"ఎవరు మేడం?"

"జయరావు అని. ఇప్పుడు సూళ్ళూరుపేట పక్క బడిలో హెడ్మాస్టరంట."

"మరి అచ్చులో ఆయన పేరు లేదే?"

ఈ ప్రశ్నను పంకజాక్షి తనకు తానే వెయ్యిసార్లు వేసుకుంది. తొంభై ఆరులో దూరవిద్య వాళ్ళు నోట్సును పుస్తకంగా వేస్తామని ఒక ఫారం ఇచ్చారు. అందులో రచయిత పేరుకు ఒకటే గీత ఉంది. ఆ గీత మీద ఆమె తన పేరు రాసింది. రెండు పేర్లు పట్టని గీతేమీ కాదది. చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయిన మనిషి మీద కోపం ఆ పని చేయించింది. కోపం ఏడాదికే పోయింది. పేరు మాత్రం పుస్తకం మీద అట్లాగే నిలబడిపోయింది.

"నేనే రాయలేదు," అంది పంకజాక్షి. "తప్పు నాదే."

రూపశ్రీకి అంత నోరున్నా, ఎక్కడ ఊరుకోవాలో తెలుసు. మాట మార్చడానికి తన చేతిలోని కాగితాలు తిరగేసింది.

"సరే, ఆయన సంతకం తెప్పిద్దాం. ఇంకొకటి. నెట్‌లో పెట్టే ముందు లెక్కలన్నీ సరిచూస్తా ఉండాను. మొదటి పాఠంలోనే తప్పుండాది. సగటు ముప్పై ఎనిమిది అని వెనక జవాబుల్లో ఉండాది. పట్టిక కూడితే ముప్పై ఆరే వస్తాది."

"అది పాత తప్పే. ముప్పై ఆరు అని దిద్దెయ్."

పాత తప్పే. పుస్తకం అచ్చయినప్పటి నుంచి ఏటా ఒకరిద్దరు పిల్లలు ఉత్తరం రాసేవాళ్ళు. అందరికీ పంకజాక్షి కార్డు ముక్క మీద ఒకే జవాబు రాసేది: '36 అని దిద్దుకోండి.' తొంభై ఎనిమిదిలో సూళ్ళూరుపేట ముద్రతో ఒక కార్డు వచ్చింది. ఆ ముద్ర చూసి ఆమె మిగతా ఉత్తరాలన్నీ పక్కన పడేసింది. తిప్పి చూస్తే ప్రశాంతి అనే విద్యార్థిని. 'మేడం, జవాబు సరిగ్గా ఉండి, పట్టికే తప్పయి ఉండవచ్చునా?' అని అడిగింది. దానికి మాత్రం పంకజాక్షి ఒక వాక్యం ఎక్కువ రాసింది: 'పట్టికలో తప్పు లేదు. ఆ అంకెలు నేనే స్వయంగా రాశాను. 36 అని దిద్దుకోండి.' మీ ఊరి పక్క జయరావు అనే సారు ఉన్నారా అని రాయాలనిపించింది. రాయలేదు.

ఆ తప్పంటే ఆమెకు లోలోపల ఇష్టం కూడా. జవాబుల పేజీ కట్టింది జయరావు. జీవితంలో లెక్క తప్పని మనిషి. ఆ ఒక్కచోట తప్పాడంటే, వెళ్ళిపోయే ముందు ఆయన మనసు నిలకడగా లేదన్నమాట. ఆ ఒక్క ఆధారాన్ని ఆమె ఇన్నాళ్ళూ దాచుకుంది.

రూపశ్రీ మాత్రం పెన్సిలుతో పట్టిక మీద టకటకా కొడుతూనే ఉంది.

"కూడికలో తప్పయితే ఇంత గుండ్రంగా రాదు మేడం. రెండు నిమిషాల తేడా, అరవై రోజులు. అంటే సరిగ్గా నూట ఇరవై నిమిషాలు. కావాలని ఎవురో ఒక రోజుకు రెండు గంటలు కలిపి కట్టినారు. ఏ రోజుకో తెలీదు. ఈ పట్టికలో వింతగా ఉండేది ఒకటే. అరవై రోజుల్లో సున్న ఒకే ఒకటి. నలభై మూడో రోజు."

రూపశ్రీ వెళ్ళిపోయిన తర్వాత పంకజాక్షి లేచి తలుపు వేసుకుంది.

తొంభై మూడులో వాళ్ళిద్దరూ ఎమ్మెస్సీ ముగించి, పాకాలలో ఒక చిన్న ప్రైవేటు కాలేజీలో పార్టుటైం పాఠాలు చెప్పేవాళ్ళు. పొద్దున బస్సులో పోవడం, సాయంత్రం బండిలో తిరుపతికి రావడం. పంకజాక్షి చిత్తూరు బెల్లం మండీ ఆదిమూలం కూతురు, తిరుపతిలో పిన్నమ్మ ఇంట్లో ఉండేది. జయరావు పులికాట్ సరస్సు ఒడ్డు పల్లె నుంచి వచ్చినవాడు, అద్దె గదిలో ఉండేవాడు. ఆయన ఆమెను 'మేడం' అనేవాడు, ఆమె ఆయనను 'సార్' అనేది. ఒకే వయసువాళ్ళు, ఒకే జీతం, ఒకే బెంచీ. అయినా ఒకరి పేరు ఒకరు నోటితో పలికిన పాపాన పోలేదు.

ఐదూ పదికి రావలసిన బండి ఎప్పుడూ వేళకు రాదు. మొదట్లో పంకజాక్షి చిటపటలాడేది. నెల తిరిగేసరికి, బండి పావుగంటకే వచ్చేసిన రోజున చిటపటలాడటం మొదలుపెట్టింది.

"ఊరికే కూసోనుండే బదులు ఈ ఆలస్యాన్ని రాసిపెడదాం మేడం," అన్నాడు జయరావు ఒకరోజు. "పిల్లోళ్ళకు సగటు నేర్పేదానికి పనికొస్తాది. వాళ్ళెక్కే బండే గదా, బాగా అర్థమవుతాది."

నీలం అట్ట నోటుబుక్కు ఒకటి కొన్నాడు. బండి ఎక్కిన తర్వాత దాన్ని ఆమె చేతికిచ్చేవాడు. ఆమె ఆ రోజు అంకె రాసేది. మీ అంకెలు గుండ్రంగా ఉంటాయి మేడం, మీరే రాయండి అనేవాడు. బండి కోసం కాచుకునే సేపు ఇద్దరూ పాఠాలు రాసేవాళ్ళు. ఆయన లెక్కలు వేస్తే, ఆమె వాటికి తెలుగు మాటలు కట్టేది. అట్లా రోజుకొక పేజీ.

నలభై మూడో రోజు బండి ఐదూ పదికే వచ్చింది.

అరవై రోజుల్లో ఆ ఒక్క రోజే వేళకు వచ్చింది. ఇద్దరూ బెంచీ మీద కాగితాలు పరుచుకొని ఉన్నారు. బండి వచ్చి ఆగింది, జనం ఎక్కారు. జయరావు తలెత్తలేదు. పంకజాక్షి తలెత్తి, బండిని చూసి, మళ్ళీ తల దించుకుంది.

"ఈ పేజీ అయిపోనీండి సార్," అంది. ఆ పేజీలో మిగిలింది నాలుగు వాక్యాలు.

గార్డు ఈల వేశాడు. బండి కదిలిపోయింది. "అయ్యో, పోయిందే!" అన్నాడు జయరావు. ఆ అయ్యోలో అయ్యో ఎక్కడా లేదు.

తర్వాతి బండి ఏడూ పదికి. ఆ రెండు గంటలూ వాళ్ళు పాఠం ముట్టుకోలేదు. ఉడకబెట్టిన చెనిక్కాయలు కొనుక్కున్నారు. పొట్టు పడేయడానికి పాఠాల చిత్తుకాగితాన్నే పొట్లం చేశారు. నీళ్ళు తగ్గిన రోజుల్లో సరస్సులో మోకాటి లోతున నడిచి, పలక నెత్తిన పెట్టుకొని బడికి పోయిన సంగతి ఆయన చెప్పాడు. నాయన మండీలో బెల్లం దిమ్మెల మీద కూర్చొని ఎక్కాలు వల్లించిన సంగతి ఆమె చెప్పింది. చీమలు కుడుతుంటే పదమూడో ఎక్కం ఎప్పుడూ పూర్తి కాలేదని చెబితే జయరావు పగలబడి నవ్వాడు. ఆయన అట్లా నవ్వగలడని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

సిగ్నలు పడే వేళకు జయరావు చెనిక్కాయలు ఒలవడం ఆపేశాడు.

"మా ఊరి పక్క గవర్మెంటు బడిలో టీచరు ఉద్యోగం వచ్చేటట్టుండాది మేడం. పోవాల్నా?"

వద్దు అనాలని ఆమెకు ప్రాణం కొట్టుకుంది. వద్దంటే ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెప్పాల్సి వస్తుంది. రైలు కూత వినపడింది.

"మీ ఇష్టం సార్," అంది.

బండిలో కూర్చున్న తర్వాత జయరావు అలవాటు ప్రకారం నోటుబుక్కు అందించాడు. ఆమె ఆలోచించనే లేదు. బండి వేళకు వచ్చింది, ఆలస్యం లేదు. గుండ్రంగా సున్న చుట్టి తిరిగిచ్చింది. ఆయన ఆ సున్న వంక చాలాసేపు చూశాడు. బుక్కు మూసి సంచిలో పెట్టుకున్నాడు. చంద్రగిరి దాటి తిరుపతి వచ్చేదాకా నోరు విప్పలేదు.

పట్టికకు ఇంకా పదిహేడు రోజులు కావాలి. ఆ పదిహేడూ పూర్తి చేశాడు. జవాబుల పేజీ కట్టిచ్చాడు. ఆ మరుసటి సోమవారం కాలేజీకి రాలేదు. ఉద్యోగంలో చేరిపోయాడని ప్రిన్సిపాలు చెప్పాడు. ఆయన కట్టిన జవాబులను పంకజాక్షి సరిచూడకుండానే స్టెన్సిలు మీదికి ఎక్కించింది. జయరావు లెక్క సరిచూడటమా? ఆ ఆలోచనే రాలేదు.

ఇప్పుడు తలుపు వేసుకున్న గదిలో కూర్చొని ఆమెకు అంతా అర్థమైంది. ఆ రెండు గంటలకు తాను చుట్టిన అంకె సున్న. ఆయన కట్టిన అంకె నూట ఇరవై.

మరుసటి శనివారం అనుమతి పత్రం సంచిలో పెట్టుకొని సూళ్ళూరుపేట బస్సెక్కింది. పోస్టులో పంపిస్తే చాలు కదా అంది రూపశ్రీ. చాలదు అంది పంకజాక్షి.

శ్రీహరికోట పోయే రోడ్డు మీద దిగి, ఉప్పుగాలిలో అరమైలు నడిస్తే బడి వచ్చింది. ఒంటిపూట బడి, పిల్లలు వెళ్ళిపోయారు. వరండాలో ఒక మనిషి నోటీసు బోర్డు తుడుస్తున్నాడు. జుట్టు సగం నెరిసింది, కళ్ళద్దాలు వచ్చాయి. అడుగుల చప్పుడుకు తిరిగి చూశాడు.

"రాండి మేడం," అన్నాడు, నిన్న సాయంత్రమే బండి దిగి విడిపోయినట్టు. "ఎండలో నడిచొచ్చినారే. ఇంటికి పోదాం రాండి. వసంతమ్మ చేపల పులుసు చేసుండాది, మీరు తినరు గదా, పప్పు చేయమని చెప్తా."

పదమూడేళ్ళ తర్వాత కూడా ఆమె ఏం తినదో ఆయనకు గుర్తుంది. వసంతమ్మ ఆయన భార్య అని వేరే చెప్పనక్కరలేదు. పంకజాక్షికి ఎక్కడో కలుక్కుమంది. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళు ఎత్తి ఎత్తి అలిసిపోయేదాకా తాను ఎవరి కోసం ఆగిందో, ఆ మనిషి ఎదురుగా నిలబడి పప్పు చేయిస్తానంటున్నాడు.

"బస్సుకు టైమైపోతాది సార్. సంతకం కోసమొచ్చినా," అంది.

ఆఫీసు గదిలో కూర్చున్నారు. ఆయన పత్రం అంతా ఓపికగా చదివాడు. ఎవరైనా తీసుకోవచ్చు, పంచుకోవచ్చు, దిద్దుకోవచ్చు అన్న చోట నవ్వాడు.

"గంగాధరం అంగట్లో మేకుకు తగిలించింది ఇదే గదా మేడం. ఇప్పుడు దీనికి ఫారాలు కూడా వచ్చినాయా?"

"ఆ అంగడి సంగతి మీకెట్లా తెలుసు?"

"మా పిల్లోళ్ళు ఆడికొచ్చే గదా చదివేది. ఆ నోట్సు వెనక రొయ్యల లెక్కలన్నీ ఈ ఊరివే."

పంకజాక్షి తల వంచుకుంది. "పుస్తకం మీద మీ పేరు వేయలేదు సార్. ఇన్నాళ్ళు అడగలేకపోయినా. తప్పే."

"పేరుదేముందిలెండి. పిల్లోళ్ళు చదివినారు, సాలు."

బయట కొంగలు నీళ్ళలో దిగుతున్న చప్పుడు. ఇప్పుడు అడగకపోతే ఇక ఎప్పుడూ అడగలేనని ఆమెకు తెలుసు.

"నలభై మూడో రోజు," అంది.

జయరావు కలం కింద పెట్టాడు.

"నేను సున్న రాసింది బండికి సార్. బండి ఆలస్యం సున్న. అంతే రాసినా. ఇంకేమీ అనుకోలేదు."

"తెలుసు మేడం. తెలిసేదానికి కొన్నేండ్లు పట్టింది," అన్నాడు. "ఆ పొద్దు బండిలో తెలీలేదు. పోవాల్నా అని అడిగితే మీ ఇష్టమన్నారు. దాని మీద సున్న సుట్టిచ్చినారు. ఇంకేముండాది అనుకున్నా. మీరు బండి సంగతి రాసినారు, నేను మన సంగతి లెక్కేసినాను. జవాబుల పేజీలో పెట్టినా. లెక్కల టీచరు, ఒకసారన్నా సరిచూస్తారు గదా, అప్పుడన్నా అడుగుతారు గదా అనుకున్నా."

"మీ లెక్కని నేనెప్పుడూ సరిచూడలేదు సార్. మీరు తప్పరని."

ఆయన నవ్వబోయి నవ్వలేకపోయాడు.

"తొంభై ఎనిమిదిలో ప్రశాంతి అని ఒక పాప మీకు కార్డు రాసింది. పట్టికే తప్పేమో అని."

పంకజాక్షి చటుక్కున తలెత్తింది.

"రాయించింది నేనే మేడం. అప్పటికి నాకింకా పెండ్లి కాలేదు. పట్టికలో తప్పు లేదు, ఆ అంకెలు నేనే స్వయంగా రాసినానని మీ జవాబొచ్చింది. మీ చేతిరాతే, గుండ్రంగా." ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "ఆ ఏడే వసంతమ్మను చేసుకున్నా. మంచి మనిషి. నాకే లోటూ లేదు."

లోటు లేదన్న మనిషి ఎదుట ఏడవకూడదని పంకజాక్షి పంటి బిగువున కూర్చుంది. రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ తన చేత్తోనే కాదని రాసిచ్చింది. అడిగిన సంగతి కూడా తెలియకుండా రాసిచ్చింది.

జయరావు పత్రం దగ్గరికి లాక్కొని సంతకం చేశాడు. ఆమె సంతకం కింద, కాస్త ఎడంగా.

"ఆ లెక్కని ఇప్పుడేం చేయమంటారు సార్?"

"దీంట్లోనే ఉండాది గదా మేడం, ఎవురైనా దిద్దుకోవచ్చని. మీరూ ఆ ఎవురిలో ఒకరే గదా," అంటూ పత్రం మడిచి ఇచ్చాడు.

బస్సు దాకా తోడొచ్చాడు. బస్సు వేళకే వచ్చింది. ఇద్దరిలో ఎవరూ పేజీ అయిపోనీండి అనలేదు.

సోమవారం రూపశ్రీ కంప్యూటరు ముందు పాఠం తెరిచి కూర్చుంది. పైన రెండు పేర్లు ఎక్కాయి, పంకజాక్షి, జయరావు అని. ఆ రెండు పేర్లు పక్కపక్కన ఉండగా చూడటం పంకజాక్షికి అదే మొదలు.

"ఇంక ఆ జవాబొకటి, ముప్పై ఆరు అని దిద్దేస్తా మేడం."

"వద్దు. జవాబు సరిగ్గానే ఉండాది. పైన 'బండి ఆలస్యం' అని ఉండాది సూడు, దాన్ని కొట్టేసి 'ఐదూ పది తర్వాత స్టేషన్లో గడిచిన నిమిషాలు' అని పెట్టు. నలభై మూడో రోజు సున్న తీసేసి నూట ఇరవై వెయ్యి."

రూపశ్రీ వెనక్కి తిరిగి చూసింది. "దీనికి ఆధారమేంది మేడం? ఎవరన్నా అడిగితే?"

"ఆ పొద్దు ఆడుండింది ఇద్దరం. ఇద్దరి పేర్లూ పైన వేసినావు గదా."

రూపశ్రీ అంకె మార్చింది. అరవై రోజులూ కూడింది. మొత్తం రెండువేల రెండువందల ఎనభై వచ్చింది. అరవైతో భాగించింది.

"ముప్పై ఎనిమిది," అంది. "సరిపోయింది మేడం."

పదమూడేళ్ళకు ఆ మాట విన్నది పంకజాక్షి. కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"ఏదీ, ఇంకొక్కసారి కూడు."